పడమటి చెక్కుబంది

నా చేతినుంచి పావలా పడకుండా భూమి రిజిస్ట్రేషన్ చేపిస్తామని చెప్పిన పొద్దే నాకు అనుమానం రావాల్సింది. రాలే. ఊరికే వస్తాదంటే ఎవురికి చేదు? నాకూ ఆశ పుట్టింది. ఆ ఆశను తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతాది.

మాది జమ్మలమడుగుకు బస్సులో ముప్పావుగంట దూరంలో ఉండే ఊరు. ఊర్లో రెండు మిద్దెలుండాయి, పైమిద్దె, కిందిమిద్దె. ఆ ఇండ్లలో పెద్దమనుషుల పేర్లు మేము నోటితో పలకం. పైమిద్దాయన, కిందిమిద్దాయన అంటాం, అంతే. ఆయనొక పార్టీ, ఈయనొక పార్టీ. ఓట్లొచ్చినప్పుడు పార్టీలు మారతాయి గానీ మిద్దెల మధ్య పగ మారదు. మేము గొర్రెలోళ్లం, మాకు పార్టీ ఏంది? కానీ మంద మేపాలంటే ఏదో ఒక మిద్దె బీడు నేల్లోనే మేపాల. ఎవురి బీట్లో మేపితే వాళ్ల మనిషివే అంటారు. అందుకే సొంతంగా రెండెకరాలు కావాలని నాకు పిచ్చి పట్టింది. ఎవురినీ అడుక్కోకుండా నా గొర్రెలు పండుకునేదానికి నా నేల.

నా మొగుడు బాలయ్య సంగతి కూడా ముందే చెప్తా. శానా ఏండ్ల కిందట ఎవురో పిలిచి పొట్టేలు కూర పెట్టి, ఒక కాగితం మీద సాక్షి వేలిముద్ర వేయించుకున్నారు. ఏం కాగితమో ఈయన అడగలే. తిన్న కూరకు మర్యాదనుకున్న్యాడు. ఆ కాగితం కోర్టుకు పోయింది. ఆరేండ్లు ఆ మనిషి వాయిదాలకు తిరిగినాడు. ఔనంటే ఒకరికి కోపం, కాదంటే ఇంకొకరికి కోపం. ఒక మాపటేళ వాయిదా నుంచి వచ్చి మా స్టేజీలో బస్సు దిగినాడు. ఇద్దరు కాచుకోనుండారు. ఏ మిద్దోళ్లని నన్ను అడగొద్దండి. నాకు తెలుసు, కానీ చెప్పను.

తొంభై ఆరులో దేవదానం అయ్యోరు నన్ను పిలిపించినాడు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వానలకు పారే వంక పక్కన ఆయనకు రెండెకరాలుండాది. భార్య యేసమ్మతో ప్రొద్దుటూరులో స్థిరపడతానన్నాడు. "మునెమ్మా, ఇరవై ఏండ్లలో నీ గొర్రె ఒక్కటి నా శెనగచేన్లో నోరు పెట్టలేదు. ముందు నిన్నే అడుగుతాండా" అన్నాడు. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. పులివెందుల సంతలో మంద సగం అమ్మి భూమి ధర చేతిలో పెట్టుకున్న్యా.

"భూమి ధర ఒకటి, కాగితం ధర ఒకటి" అని అయ్యోరు చెప్పేదాక నాకు తెలీదు. స్టాంపులకు నూరుకు పదికి పైనే అంట. దాని మీద రిజిస్ట్రేషన్ ఫీజు. రాసేవాని కూలి వేరే. భూమి మీద తాకట్టు గీకట్టు ఏమన్నా ఉందా అని ఆఫీసోళ్లు పాత పుస్తకాలు తిరగేసి ఒక కాగితం ఇస్తారు, దాన్ని ఈసీ అంటారు, దానికి వేరే. ఇవన్నీ ఒక ప్లీడరుకు చూపించుకోమన్నాడు, వాని ఫీజు వేరే. ఇంగా రెండు గొర్రెలు, నాలుగు గొర్రెలని మనసులోనే అమ్ముకుంటా ఇంటికొచ్చినా.

ప్రొద్దుటూరులో ఆనందయ్య ప్లీడరు ఐదొందలు తీసుకున్న్యాడు. అయ్యోరి తాత కాలం నాటి కాగితాల నుంచి ఈసీ దాకా పొద్దుగూకులూ చూసినాడు. "అంతా సరిగానే ఉంది. నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే" అన్నాడు. "వేలిముద్ర వేసేముందు కాగితం మొత్తం చదివించుకో. చెక్కుబందీలు రెండుసార్లు చదివించుకో."

"చెక్కుబందీలంటే ఏంది సామీ?"

"నీ భూమికి తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరిది, ఇట్ల నాలుగు దిక్కులు రాస్తారు. ఎవరి పేరు రాస్తే ఆ పక్క భూమి వాళ్లదేనని నువ్వు ఒప్పుకున్నట్టు. తగాదా ఉన్న భూమైతే పేరు రాయించొద్దు, సర్వే నెంబరు రాయించు. నెంబరుకు పార్టీ లేదు."

ఈ రెండు మాటలకు ఐదొందలా! బస్సులో కూచోని ఊరొచ్చేదాకా ఆ ప్లీడరును తిట్టుకుంటానే ఉన్న్యా.

నా మరిది పుల్లన్న వింటే పడీపడీ నవ్వినాడు. బాలయ్య తమ్ముడు, పైమిద్దెలో తిరిగే మనిషి. "ఐదొందలు పెట్టి సలహా కొనుక్కున్న్యావా వదినా? పిచ్చిదానివి. పోయినేడు నా భూమి రాయించినప్పుడు నా జోబీలోనుంచి పావలా పడలే తెల్సా? స్టాంపులు మా పైమిద్దె పెద్దాయనే, సాక్షులు పెద్దాయనే, జీపు పెద్దాయనదే. నీ గురించీ ఆయనకు చెప్తాలే. మొగుడు లేని ఆడిదానివి, ఆయన కాదనడు."

నేను ఒద్దనాల్సింది. స్టాంపుల దుడ్లు మిగిల్తే నాలుగు గొర్రెలు కొనుక్కోవచ్చు కదా అనుకున్న్యా.

రిజిస్ట్రేషన్ పొద్దు జీపులో ఆరుమందిమి జమ్మలమడుగుకు పోయినాం. నేను, పుల్లన్న, అయ్యోరు, యేసమ్మ, సాక్షులని ఇద్దరు మీసాలోళ్లు. ఆఫీసు గేటు కాడ రేకుల కింద ఖాజా సాయిబు కూచోనుండాడు. దస్తావేజులు రాసేది ఆయనే. కాగితం అప్పుడే సిద్ధంగా ఉండాది. నన్ను ఒక్క మాట అడక్కుండానే నా కాగితం రాసేసినారు.

"చదువు సాయిబన్నా" అంటి.

"లోపల పిలుస్తాండారు, టైం లేదు" అన్న్యాడు ఖాజా.

లోపల ఎవురూ పిలవలే. రెండు గంటలు నిలబెట్టినారు. నేను కూచుంటి, లేస్తి, గేటు దాకా పోతి, మళ్లీ వస్తి. మీసాలోళ్లు నన్నే చూస్తాండారు. నడుముకు కట్టుకున్న సంచి తడుముకుంటి. స్టాంపుల కోసమని అంతకుముందే గొర్రెలమ్మి దాచిన దుడ్లు అందులోనే ఉండాయి. ఎందుకు ఎత్తుకొచ్చినానో నాకే తెలీదు. "గమ్మున ఒక తావ కూచోరాదా వదినా" అని పుల్లన్న గసిరినాడు. కూచోలేకపోతి.

మూడున్నరకు పిలిచినారు. సంతకాలు తన ముందరే పెట్టాలని ఆ ఆఫీసరు పట్టు. కండ్లద్దాలు సర్దుకోని, తల ఎత్తకుండానే అడిగినాడు, "చదివి వినిపించినారా?"

"వినిపించినాం సార్" అన్న్యాడు ఖాజా.

"వినిపించినారు సార్" అన్న్యాడు పుల్లన్న.

దేవదానం అయ్యోరు తల ఊపినాడు. ఆయన చదువుకున్న మనిషి, ఆ కాగితం చూసినాడు. నా మొగం మాత్రం చూడలే. అది చూసినాకనే కాగితంలో ఏదో మోసముందని నాకు గట్టిగా తెలిసింది.

"ల్యా సార్" అంటి. "నాకు ఎవురూ చదివి చెప్పల్యా."

ఆఫీసరు అప్పుడు తలెత్తినాడు. "పోయి చదివించుకోని రామ్మా. అయిదు దాటితే రేపే."

బయట రేకుల కింద ఖాజా చదివినాడు. తూర్పు వంక, దక్షిణం బండిదారి, ఉత్తరం చిన్నసుబ్బమ్మ చేను. ఇవి గట్టిగానే చదివినాడు. పడమర వచ్చేతలికి గొంతులో గొణిగినాడు.

"ఏందీ? మళ్లీ చదువు."

పైమిద్దాయన పేరు చదివినాడు, తండ్రి పేరుతో సహా.

అయ్యోరి భూమికి పడమర నాలుగెకరాలుండాది. పదేండ్లుగా నాదంటే నాదని రెండు మిద్దెలూ కోర్టులో కొట్లాడుకుంటాండారు. దున్నే మడక దిగలే, తుమ్మచెట్లు మొలిచినాయి. ఊర్లో చంటిబిడ్డకు కూడా తెలుసు ఆ సంగతి. ఆ నాలుగెకరాలు పైమిద్దాయనదేనని నేను వేలిముద్రతో ఒప్పుకుంటాండా! రేపు ఈ కాగితం కోర్టులో పెడతారు. నన్ను బోనెక్కిస్తారు. కిందిమిద్దోళ్లు చూస్తా ఊరకుంటారా? నేను మళ్లీ మా స్టేజీలో బస్సు దిగాల.

"వాయమ్మో! నా మొగున్ని తిన్నది చాల్లేదా రా మీకు?" అని అరిస్తి. గేటు కాడ ఉన్న జనమంతా మా దిక్కు తిరిగి చూసినారు. చూడనీ. "అయ్యోరా, మీకు తెలుసు గదా? మీరన్నా చెప్పొద్దా?"

"రేపట్నుంచి నేను ఆ ఊర్లో ఉండనమ్మా" అన్న్యాడు అయ్యోరు. ఆ మాట అని తలొంచుకున్న్యాడు పాపం. యేసమ్మ ఆయన్ను చూసిన చూపు నేను మర్చిపోను.

"ఒక్క పేరే కదా వదినా, దానికింత రచ్చ ఏంది?" అన్న్యాడు పుల్లన్న.

"ఒక్క పేరేనా? మీ అన్నదీ ఒక్క వేలిముద్రే."

నడుము సంచి విప్పి స్టాంపుల దుడ్లు మూడు వేలు వాని చేతిలో పెడ్తి. "మీ పెద్దాయనకియ్యి. మునెమ్మ కాగితం మునెమ్మే కొనుక్కుంటాదని చెప్పు." వాడు తీసుకోల్యా. వాని జోబీలో కుక్కితి. మీసాలోళ్లలో ఒకడు "శానా ఎక్కువ మాట్లాడతాండావు" అన్న్యాడు, నిదానంగా. ఒప్పుకుంటా, భయమైంది. అయినా నేను అక్కడినుంచి కదల్లే. కాసేపటికి జీపు మట్టి లేపుకుంటా పోయింది, పుల్లన్న అందులోనే పాయె.

"ఖాజన్నా, ఆఖరి కాగితం మార్చి రాయి. పడమర పేరొద్దు, సర్వే నెంబరు రాయి."

ఖాజా నన్ను ఎగాదిగా చూసినాడు. "ఎవురు చెప్పినారు నీకు ఈ నెంబరు సంగతి?"

"ఐదొందలు పెట్టి కొనుక్కొచ్చినా. నువ్వు రాయి."

రాసినాడు. రెండోసారి రాసిన కూలి అడగలే. నాలుగూ ముప్పావైంది. తిరిగి చూస్తే సాక్షులు లేరు! జీపులో పాయిరి. ఒక సాక్షిగా యేసమ్మ ముందుకొచ్చింది, "నేను పెడతా" అని, మొగున్ని అడక్కుండానే. రెండో సాక్షి కావాల. గేటు కాడ ఉన్న మగోళ్లందరినీ అడిగితి. జీపును చూసినోళ్లే అందరూ. ఒకనికి బస్సు టైమైందంట, ఒకనికి సంతకం రాదంట.

గేటు పక్కన టీ అమ్మే చాంద్‌బీ స్టవ్ ఆర్పుతాండాది. పరిగెత్తి పోయి అడిగితి. ఆమె చేతులు తుడుచుకుంటా, "నన్ను కోర్టుకు పిలుస్తారా అక్కా?" అనింది.

ఆ మాట బాలయ్య ఆ పొద్దు అడిగుంటే! పిలవరులే, ఊరికే ఒక సంతకం అని చెప్పాలని నాలిక చివర దాకా వచ్చింది. ఆఫీసు గోడ మీద గడియారం కనపడతానే ఉండాది. నా రెండెకరాలు ఆ ఒక్క మాట మీద నిలబడుండాది.

"పిలిస్తే పిలవొచ్చు చాంద్‌బీ. నేను నీకు అబద్ధం చెప్పను. పడమర ఎవురి పేరూ లేదు, నెంబరే ఉండాది. ముందు కాగితం చదివించుకో. పిలిచిన పొద్దు నేనూ నీ ఎంబడి వస్తా."

చాంద్‌బీ ఖాజా తోని కాగితమంతా చదివించుకునింది. మళ్లీ పడమర దిక్కు చదవమనింది. తర్వాత ఉర్దూలో సంతకం పెట్టింది. ఆఫీసరు నా బొటనవేలు పట్టుకోని సిరాలో అద్దినప్పుడు అయిదుకు రెండు నిమిషాలు తక్కువ.

ఇది జరిగి ఏడాది కాకముందే ఒక పొద్దు పుల్లన్న నా దొడ్డి కాడికొచ్చినాడు. చేతిలో కోర్టు కాగితం. ఆ తుమ్మచెట్ల నాలుగెకరాలకు ఆ పక్క వాని భూమి. వానికి పెద్దాయన ఊరికే రాయించిచ్చిన దస్తావేజులో తూర్పు చెక్కుబందీ ఎవురి పేరు మీదుందో వాడు ఎప్పుడూ చదివించుకోలే. పైమిద్దె ప్లీడరు దాన్ని కోర్టులో పెట్టి, వీన్ని సాక్షికి పిలిపించినాడు. పోయి సాక్షి చెప్తే నీ పని చూస్తామని కిందిమిద్దె నుంచి అప్పుడే కబురొచ్చిందంట.

"వదినా" అన్న్యాడు, నేల చూస్తా, "ఆ ప్రొద్దుటూరు ప్లీడరు ఎంత తీసుకుంటాడు?"

నవ్వాల్సింది నేను. నవ్వు రాలే. వాని మెడ ఒంచితే అచ్చం బాలయ్య మెడే.

"వేలిముద్ర వేసేముందైతే ఐదొందలబ్బీ. ఇప్పుడెంతో నాకు తెలీదు."

వాయిదా పొద్దు జీపు రాలే. మా జీపులో వస్తే నువ్వు మా మనిషివని జడ్జి అనుకుంటాడు, బస్సుకే రమ్మని పెద్దాయన చెప్పి పంపినాడంట. నేను వాని ఎంబడి పోతి. రెండు టిక్కెట్లూ నేనే తీస్తి. కోర్టులో ఏం చెప్పినాడో నేను అడగలే.

మా స్టేజీలో బస్సు ఆగింది. వాడు లేవబోతే భుజం పట్టి కూచోబెడ్తి. నేనే ముందు దిగితి. చెట్ల దిక్కు చూస్తి, గోడ చాటున చూస్తి, రోడ్డుకు ఆ పక్క చూస్తి. కండక్టరు విసుక్కుంటానే ఉండాడు. అప్పుడు బస్సు దిక్కు తిరిగి, "ఇంగ దిగబ్బీ" అంటి.