గంగి పళ్లెం

కొడకండ్ల దారిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు మూతపడ్డాయి, ఎక్కడ చూసినా వంటావార్పు. జనగామలో మా కిరాణా కొట్టు దగ్గర బయలుదేరిన నన్నూ, బండి నడుపుతున్న మా అన్న శ్రీధర్‌నీ అక్కడ ఆపేశారు. ఆపిన మనిషి బలరాం. మేము పోతున్నది ఆయన తండాకే, ఆయన ఇంటికే.

"తిన్నంకనే పోవాలె మేడం. ఇయ్యాల అందరం ఒక్క బంతిలనే తింటున్నం," అన్నాడు.

కూర్చున్నాం. ఒక పక్క మా బజారు సేట్లు, ఇంకో పక్క తండా వాళ్లు. పప్పు, అన్నం, పచ్చిపులుసు. బలరామే అందరికీ వడ్డించాడు. అంత తృప్తిగా నేను పెళ్లిళ్లలో కూడా తినలేదు.

నేను హైదరాబాదులో ఒక టీకా పరిశోధనలో పని చేస్తాను. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కులోనే హాయిగా కాపురం చేస్తుంది. వాళ్లకేమీ కాదు. ఏ చంటిపిల్ల ఊపిరితిత్తుల్లోకో దిగితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. కొందరి ఒంట్లో టీ కణాలనే కాపలావాళ్లు దాన్ని గుర్తుపట్టి ముక్కులోంచే తరిమేస్తారు. ఆ కణాలకు ముందుగానే ఆ విద్య నేర్పే టీకా చేయగలిగితే, క్రిమికి తిష్ఠ వేయడానికే చోటుండదు. టీకా ఇంకా కాలేదు. ఎప్పటికవుతుందో మా సారుకే తెలియదు. అందాకా మేము పల్లెల్లో పిల్లల ముక్కుల్లో దూదిపుల్ల తిప్పుకుంటూ తిరుగుతాం.

బలరాం కొడుకు, ఇంకా ఏడాది కూడా నిండనివాడు, ఆ వానాకాలంలోనే న్యుమోనియాతో పోయాడు. సమ్మెకు ముందు వచ్చి ఆయన కూతురు గంగి ముక్కు పరీక్ష చేశాను. క్రిమి ఉంది. ఫోన్లో చెప్పాను. ఇది మామూలే, బుగులు పడకండ్రి అని కూడా చెప్పాను. తర్వాత బస్సులు ఆగిపోయాయి. మళ్లీ పరీక్షకు రావడం ఇప్పటికి కుదిరింది.

భోజనాలయ్యాక బలరాం మా వెంటే తండాకు వచ్చాడు. గంగి మేకల కొట్టం కింద కూర్చుని ఉంది. కొట్టం గుంజకు మేకు కొట్టి, ఆ పిల్లకు వేరుగా ఒక సత్తు పళ్లెం తగిలించారు. నన్ను చూసి ఆ పిల్ల ఇంటివైపు పరుగెత్తబోయింది.

"దగ్గరికి రాకు. ఆడ్నే ఉండు," అని లోపలి నుంచి కేక వేసింది నాయనమ్మ సీతాబాయి.

పిల్ల ఠక్కున ఆగిపోయింది. ఎన్నాళ్లుగా అలవాటైందో ఆ ఆగడం. నాకు ఒళ్లు మండిపోయింది.

"రోడ్డు మీద ఊరందరిని ఒక్క బంతిల కూసోబెడితివి. ఇంట్ల బిడ్డను మేకలల్ల కూసోబెడితివి. ఏందన్నా గిది?" అన్నాను బలరాంతో.

ఆయన తల ఎత్తలేదు. "పురుగు దాని ముక్కుల ఉన్నదని నువ్వే చెప్తివి గద మేడం. పోరడు పొద్దుందాక దాని సంకలనే ఉంటుండె."

తల్లి సుజాత గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. కూతురి వైపు చూడటం లేదు. ఆ చూడకపోవడం నన్ను కేక కన్నా ఎక్కువ భయపెట్టింది.

సీతాబాయి బయటికి వచ్చింది. "నా చేతులల్ల పెరిగిండు వాడు. రొట్టె మెత్తగ నమిలి నేనే నోట్లె పెట్టేది. నేను తిండి పెట్టి పెంచితే ఇది రోగం పెట్టింది. కాదంటవా? అయితే అందరి ముక్కులు సూడు. నాది సుత సూడు. తేలిపోతది."

"ఇయ్యాల ఎవరి ముక్కుల ఉన్నదో తెలుస్తది గానీ, అప్పుడు ఎవరి నుంచి వచ్చిందో తెల్వది అవ్వా."

"నువ్వు సూడు బిడ్డా, సూడు."

అందరివీ తీసి, ఐస్ పెట్టెలో సర్దుకుని వెళ్లాను.

ఫలితాలు తెలిసిన రోజు సారు గొంతులో పండగ. గంగి ముక్కులో క్రిమి లేదు. ఏ మందూ వేయకుండా ఆ పిల్ల ఒళ్లే తరిమేసింది. "బంగారంలాంటి పిల్ల దొరికింది హిమజా. రక్తం తీసుకురా, దాని టీ కణాలు చూడాలి," అన్నారు. మిగతావాళ్ల సంగతి ఆయన అడగలేదు. క్రిమి ఉన్నది సీతాబాయి ముక్కులో.

మళ్లీ తండాకు పోయే దారి పొడుగునా ఒకటే ఆలోచన. గంగి మాట ఒక్కటే చెప్తే చాలు, పిల్ల ఇంట్లోకి వస్తుంది, ముసలామె గుండె పగలదు. అలాగే చేద్దామనుకున్నాను.

"గంగి ముక్కుల ఏం లేదు. దాన్ని లోపటికి రానియ్యండ్రి," అన్నాను వాకిట్లోకి అడుగు పెడుతూనే.

సుజాత చేతిలోని చేట కింద పెట్టేసింది.

"మరి ఎవరి ముక్కుల ఉన్నది?" అంది మంచం మీద కూర్చున్న సీతాబాయి.

"శానామందికి ఉంటది అవ్వా. గదంత ఎందుకు?"

"నేను అడిగింది చెప్పు." ఆమె మెల్లగా కోడలి వైపు తిరిగింది. "సుజాతదా?"

సుజాత మొహం తెల్లబోయింది. ఆ క్షణాన నేను నోరు మూసుకుంటే ఆ పళ్లెం కోడలి చేతికి వస్తుంది. దేవుడా అనుకున్నాను.

"కాదు. నీది, అవ్వా."

వెంటనే మిగతాదంతా గబగబా చెప్పాను. అప్పుడు లేకపోవచ్చని, తర్వాత వచ్చి ఉండొచ్చని, నమిలి పెట్టడం వల్లనే అని ఎవరూ రుజువు చేయలేరని, ఇందులో ఎవరి తప్పూ లేదని. బలరాం "యాడీ" అని తల్లిని పిలిచాడు. ఆమెకు ఏదీ వినిపించినట్టు లేదు. నోట్లో ఏమీ లేకుండానే దవడలు కదులుతున్నాయి.

కాసేపటికి లేచింది. కొట్టం దగ్గరికి నడిచి, గుంజకున్న పళ్లెం తీసుకుని మేకల మధ్య కూర్చుంది.

గంగికి ఏమీ అర్థం కాలేదు. సుజాత చేతిలో పెట్టిన రొట్టె పట్టుకుని నాయనమ్మ వైపు పరుగెత్తింది.

"దగ్గరికి రాకు. ఆడ్నే ఉండు," అంది సీతాబాయి.

పిల్ల ఠక్కున ఆగిపోయింది.