తెల్లమూతి మాకో

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, రూప బడి పిల్లల కోసం గీస్తున్న చార్టు ముందు కూర్చుంది. బడిలో టీచరమ్మే గానీ, గౌలిపురలోని రెండు గదుల ఇంట్లో ఆమెకు బల్ల ఎక్కడిది? అన్నం తినే చాపే గతి. "గీ చేపల బొమ్మలకు జీతం పెంచుతరా ఏంది?" అంటూ అత్త ఆగమ్మ ఉల్లిగడ్డల గంప తెచ్చి పక్కన పెట్టింది. రూప అవీ తరిగింది, బొమ్మా గీసింది.

రెండు మాకో సొరచేపలు. వీపు నీలం, పొట్ట తెలుపు, చూడబోతే కవలలే. ఒకదానికి రెక్కలు పొడుగు, కళ్లు పెద్దవి, మూతి కింద మసి పూసినట్టు నలుపు. రెండోదానికి పొట్టి రెక్కలు, మూతి కింద తెలుపు. ఆ మూతికి రంగే వేయనక్కర్లేదు, కాగితం అలా వదిలేస్తే చాలు. ఏది భయంకరమని అడిగితే పిల్లలందరూ నల్లమూతినే చూపిస్తారు. వేగంలో మాత్రం తెల్లమూతిదాన్ని మించిన సొర లేదు.

రేపు ఆరాధన అయ్యాక పాస్టరుగారి ముందు మాట ఖాయం చేస్తారు, రూప చెల్లెలు బేబీని మరిది డానియేలుకు ఇస్తామని. అక్కాచెల్లెళ్లే తోడికోడళ్లయితే ఇంట్లో లొల్లి ఉండదని ఆగమ్మ నమ్మకం. తల్లీతండ్రీ లేని పిల్ల, అక్క సరేనంటే సరే. "పెద్దోని లెక్క కాదు నా చిన్నోడు. గొంతే లేవది" అంటుంది ఆగమ్మ. నిజమే, లేవదు. రూప మొగుడు ప్రేమ్‌రాజ్ అరుస్తాడు, కంచం విసురుతాడు, పక్క పాలోళ్ల గేదెలతో సహా బస్తీ అంతా వింటుంది. మరి ఆ అరుపుకు ముందు ఏం జరుగుతుందో ఎవరైనా చూశారా?

రూప చూసింది. కంచం ఎగిరిన ప్రతిసారీ అంతకు ముందు డానియేలు అన్న పక్కన కూర్చుని ఉన్నాడు. "వదిన బస్టాపుల ఆ సార్‌తోని నవ్వుకుంట నిలవడ్డదన్నా. నాకేం లేదు, జర చెప్తున్న." గొడవ లేచాక "వదిలెయ్యన్నా" అని అడ్డుపడేదీ అతనే. ఇన్నేళ్లూ సంగతి పట్టుకోలేక ఆ అడ్డుపడిన చేతులకే ఆమె దండం పెట్టుకుంది. తలచుకుంటే సిగ్గుతో ఒళ్లు మండింది.

డానియేలు వచ్చి చార్టు పక్కన కూర్చున్నాడు. "మస్తు గీసినవ్ వదినా. బేబీ ఫోన్ల ఎవరితోని గంత సేపు మాట్లాడుతది? ఫికర్ లేదు తియ్, పెండ్లయినంక ఆ ఫోనెందుకు" అని మెత్తగా నవ్వాడు.

అంతలో బేబీయే ఫోన్ చేసింది. "అక్కా, ఒక్క మాట నిజం చెప్పు. డానియేలు మంచోడే కదా? బావ లెక్క కాదు కదా?"

డానియేలు కదలలేదు. వాకిట్లో ప్రేమ్‌రాజ్ బండి ఆగింది. రూప కుంచె కింద పెట్టింది.

"కాదు బేబీ. మీ బావ ఒర్రుతడు, బస్తీకి వినవడుతది. డానియేలు ఒర్రిపిస్తడు, ఎవరికీ వినవడది. రేపు నువ్వు రావద్దు. నేనే నీ దగ్గరికి వస్తున్న."

డానియేలు నవ్వు చెదరలేదు. తొందరేం లేనట్టు లేచి, అన్నకు ఎదురెళ్లబోయాడు.

అన్న చెవిలో అతని మాట పడేలోపే, అతని కంటే ముందు రూప గడప దాటింది.