అవనిగడ్డ దిబ్బరొట్టె

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే విశ్వేశ్వర్ పరీక్షల పనిమీద అవనిగడ్డ వెళ్లి, వాన పడుతుంటే ఓ చిన్న హోటల్లో ఆగాడు. హోటల్ నడిపే ఛాయాదేవి గారు వేడి వేడి దిబ్బరొట్టె ముక్క, చెరకు పానకం పెట్టారు. పైన ఎర్రగా కరకరలాడుతోంది, లోపల దూదిలా ఉంది. తింటుంటే తడిసిన ఒంట్లోకి వెచ్చదనం దిగింది.

"ఇందులో ఏం వేశారండీ?"

"మినప్పిండి, బియ్యపు రవ్వ, ఉప్పు. అంతేనండీ. సన్నసెగ మీద పెట్టి మూత తియ్యకుండా ఉండాలి. అదే కష్టం."

ఆదివారం భవానీపురంలోని తన ఇంట్లో, ఎప్పుడూ స్టవ్ వెలిగించని మనిషి మందపాటి మూకుడులో పిండి పోశాడు. రెండుసార్లు చెయ్యి మూత మీదికి వెళ్లింది. రెండుసార్లూ భార్య సంయుక్త ఆపింది.

"కాసేపు ఉండండీ!"

ముప్పావు గంటకు మూత తీశారు. రెండు వేళ్ల మందాన పోసిన పిండి నాలుగు వేళ్ల ఎత్తు పొంగింది. తిరగేస్తే అడుగంతా బంగారు రంగు.

"సోడా వెయ్యలేదు, ఈస్టూ వెయ్యలేదు" అన్నాడు విశ్వేశ్వర్ నెమ్మదిగా. ఎందుకు పొంగిందో అతను పాఠం చెప్పగలడు. కానీ అప్పుడు ఏ సూత్రమూ గుర్తుకు రాలేదు. చాకు చేతిలో ఉన్నా కొయ్యడానికి మనసొప్పలేదు. చివరికి సంయుక్తే అంచు విరిచి అతని నోట్లో పెట్టింది.