బొటనవేలంత సందులో

నేను ఒక సెంట్రలైజర్‌ని. పేరు పెద్దది, పని చిన్నది. గ్యాసు బావిలోకి దించే ఇనుప గొట్టాన్ని కడియంలా చుట్టుకుని, అది ఏ పక్కకూ ఒరగకుండా నడిమధ్యన నిలబెడతాను. అప్పుడే గొట్టానికీ బావి గోడకూ మధ్య నింపే సిమెంటు చుట్టూ సమంగా పట్టుకుంటుంది. ఒక పక్క ఖాళీ మిగిలినా గ్యాసు ఆ దారినే పైకి తన్నుకొస్తుంది.

సామర్లకోట దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కోనసీమలో బావి తవ్వే రిగ్గుకు చేరాక, స్టోరు చూసే సత్తిరాజు గారు నా మీద మంచినీళ్ల కుండ పెట్టుకున్నారు. ఆరు నెలలు కుదురునై బతికాను. గుండ్రంగా ఏది కనిపించినా మనుషులకు ముందు కుండే గుర్తొస్తుంది కాబోలు.

నన్ను అక్కడి నుంచి లాగింది సిమెంటు ఇంజనీరు మంజూష. ఆమె సొంతంగా బాధ్యత తీసుకున్న మొదటి బావి అది. గొట్టానికీ బావి గోడకూ మధ్య సందు బొటనవేలి మందమే. ముప్ఫై ఏళ్లుగా బావులు తవ్వుతున్న డ్రిల్లర్ అబ్బులు గారు అడ్డుపడ్డారు.

“ఉత్త గొట్టం దిగడమే కష్టమండి. దానికి కడియాలు కూడానా? మధ్యలో ఇరుక్కుంటే బావి పోద్దండి.”

“గొట్టం ఒరిగినా పోతుంది కదా అబ్బులు గారూ.”

ఆమె బావి వెడల్పే ఉన్న పైపు ముక్క ఒకటి తెప్పించి, అందరి ముందూ నన్ను అందులోంచి దూర్చింది. గీసుకోకుండా జారాను. అబ్బులు గారు మొదటి గొట్టానికి పెట్టాల్సిన కుంకుమ బొట్టు తెచ్చి నాకు పెట్టారు.

ఎక్కడా ఇరుక్కోకుండా అడుగుకు దిగాం. ఇక సిమెంటు. ఇంత ఇరుకులో తొందరపడి తోస్తే, ఒత్తిడికి రాయి పగిలి సిమెంటంతా ఆ పగుళ్లలోకి పోతుంది. అందుకే మంజూష పంపును నిదానంగా నడపమంది, గొట్టాన్ని తిప్పుతూ ఉండమంది.

“ఇదేంటండి, మా ఆవిడ పప్పు రుబ్బినట్టు,” అన్నారు అబ్బులు గారు.

“ఆవిడ పిండిలో పలుకులుంటాయా?”

“ఆయ్, వెన్నేనండి.”

“మరింకేం, అలాగే తిప్పండి.”

సిమెంటు వచ్చింది. వెచ్చగా, నున్నగా, అన్ని వైపులా ఒకేలా నన్ను చుట్టేసింది. గట్టిపడ్డాక గొట్టంలోకి ఒక పరికరం దించి, వెనకాల సిమెంటు పట్టిందో లేదో పరీక్షించారు. కింది నుంచి పై దాకా ఎక్కడా ఖాళీ లేదు.

“తర్వాతి బావికి ఎన్ని కడియాలేద్దామండి?” అని అబ్బులు గారే అడిగారు. మంజూష నవ్వు గొట్టం పొడవునా జారి నా దాకా వచ్చింది.

నేనిక ఎండ చూడను. రెండు కిలోమీటర్ల లోతున, గ్యాసు రోజూ భుజం పెట్టి నెడుతూనే ఉంది. నేను కదలడం లేదు.