రోడ్డు మీద గంటె

ఉల్లిగడ్డలు కోస్తుంటే సంధ్య ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని వచ్చింది. సకల జనుల సమ్మెతో బళ్లు మూతబడ్డాయి గానీ, పదో తరగతి పరీక్షలు ఆగుతాయా? ఆ ఉల్లిగడ్డలు ఇంటికి కాదు, సిరిసిల్ల చౌరస్తాలో తెలంగాణ ఉద్యమపోళ్లు చేస్తున్న వంటావార్పుకు. పచ్చిపులుసులోకి కావాలట.

"అమ్మా, గా కరెంటు తీగ మీద పిట్టకు షాక్ ఎందుకు కొడ్తలేదే?"

"దాని రెండు కాళ్లు ఒక్క తీగ మీదనే ఉన్నై బిడ్డా. రెండు చోట్ల నడుమ ఫరకు, గదే తేడా, ఉంటేనే కరెంటు పారుతది. గా ఫరకే వోల్టేజీ. ఒక్క చోటు చూపెట్టి ఎంత అంటే ఏం జెప్తం?"

"మా సార్ కంటె మంచిగ చెప్తవ్. మరి బళ్లె ఎందుకు చెప్తలేవు?"

జగిత్యాలలో డిగ్రీ చదివి, కోరుట్లలో ఏడాది పాఠాలు చెప్పినదాన్ని. పెళ్లయి వచ్చాక ఇక్కడి బడివాళ్లు ఇంటికొచ్చి మరీ అడిగారు. మా ఆయన రాజనర్సు కోపమైనా తెచ్చుకోలేదు. "పో శాంతా, నేను వద్దంటున్ననా? గని వంటెవలు జేస్తరు? నాకు పొయ్యి ముట్టియ్యరాదాయె" అన్నాడు. "నా కొడుకు తాగడు, కొట్టడు, ఇంకేం గావాలె?" అంది అత్త. నిజమే కదా అనుకున్నాను. మండిపడాల్సింది పోయి, రాని పని ఎట్లా చేస్తాడు పాపం అని జాలిపడ్డాను. టీ, టిఫిను, మగ్గాల కాడికి సద్ది, మళ్లీ రాత్రి వంట. ఒక్క తీగ మీదే రెండు కాళ్లూ పెట్టి ఇన్నేళ్లు కూర్చున్నాను. ఏమీ తెలియలేదు.

ఉల్లిగడ్డలు తీసుకుని చౌరస్తాకు పోయాను. రోడ్డు నడిమిట్ల మూడు రాళ్ల పొయ్యి. దాని ముందు లుంగీ ఎగగట్టి, గంటె పట్టుకుని రాజనర్సు. గంజి వార్చాడు. పప్పుకు పోపు పెట్టాడు. చేయి ఎక్కడా తడబడలేదు. జనం బంతి కూర్చుని తింటున్నారు.

"పెండ్లిగాక ముందు బొంబాయి దిక్కు భీవండిల అందరికి అన్ననే వండేటోడు వదినె. గాయిన చేతి పప్పు తినే మగ్గాలు నడిపినం" అన్నాడు, విస్తరి ముందేసుకున్న ఆయన దోస్తు దుర్గయ్య.

కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఇంటి పొయ్యికీ, ఈ పొయ్యికీ నడుమ ఇంత ఫరకుందని నేనెన్నడూ కొలుచుకోలేదు. సంధ్యకిప్పుడు పదిహేనేళ్లు. పొయ్యి కాడ పోయిన ఆ ఏళ్లన్నీ నావి కూడా.

"అచ్చినవా? జర గా గిన్నెలు కడుగు" అన్నాడు రాజనర్సు.

ఉల్లిగడ్డలు ఆయన చేతికిచ్చి, పప్పు రుచి చూశాను.

"ఉప్పు సరిపోయింది. సమ్మె అయిపోంగనే నేను బడికి పోతున్న. పొద్దుగాల వంట నువ్వే చెయ్యాలె."

'నాకు రాదు' అనబోయి, చుట్టూ తింటున్నవాళ్లను చూసి ఆగిపోయాడు.