అక్క లాగిన్ అయి ఉంది

"చనిపోయినవాళ్ళ ఎకౌంట్లోంచి ఫైలు తీసుకోవాలంటే ఏం చెయ్యాలండీ?"

కంప్యూటర్ సెంటర్ కౌంటర్ వెనక కూర్చున్న పెద్దాయన వెంటనే తలెత్తలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయాను, వైఫై రావట్లేదు, ప్రింటవుట్ ఎందుకు ఆగింది... పొద్దుట్నుంచీ ఇవే ప్రశ్నలు. జవాబులు ఆయన నోట్లో అరిగిపోయి ఉన్నాయి. యూనివర్సిటీ అంతా ఆయన్ని రూల్స్ బాబాయ్ అంటుంది. వెనకాల కాదు, ఎదురుగానే.

ఈ ప్రశ్నకి మాత్రం కళ్ళజోడు తీశాడు.

"ఎవరమ్మా పోయింది?"

"మా అక్క. ఇక్కడే పీహెచ్‌డీ చేసేది. పోయిన నెల యాక్సిడెంట్లో..."

అక్క పేరు అడిగి ఆయన టైపు చేశాడు. స్క్రీన్ చూశాడు. తప్పు కొట్టానేమోనని మళ్ళీ టైపు చేశాడు.

"ఏమీ అనుకోకు తల్లీ. మీ అక్క ఇప్పుడు లాగిన్ అయి ఉంది."

చెల్లెలు కౌంటర్ మీదుగా స్క్రీన్ వైపు వంగింది. మందుల షాపులో ఒక్క రోజు సెలవు అడుక్కుని, రెండు బస్సులు మారి వచ్చింది తను. వచ్చిన పని ఒకటే, అక్క థీసిస్. "అయిపోయిందే! ఇక బైండింగ్ చేయించి ఇవ్వడమే!" అని అక్క ఫోన్లో అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది. పరామర్శకి ఫోన్ చేసిన గైడు మాత్రం "పాపం, సగం కూడా కాలేదమ్మా" అన్నాడు. అప్పట్నుంచీ అమ్మ కంచం ముందు కూర్చుని అదే అడుగుతోంది. "అది నాతో అబద్ధం చెప్పిందంటావా?"

"ఎలా లాగిన్ అవుతుందండీ? మనిషే లేదు కదా!"

"పోయినట్టు డిపార్ట్‌మెంట్ వాళ్ళు మాకు చెప్పాలి. చెప్పలేదు. మా సిస్టమ్‌లో మీ అక్క బతికే ఉంది."

"నేను చెప్తున్నాగా."

"కాగితం కావాలి తల్లీ."

షాపులో తనూ రోజూ అనే మాటే. చీటీ లేనిదే మందు ఇవ్వం. బ్యాగులోంచి మరణ ధ్రువపత్రం తీసి కౌంటర్ మీద పెట్టింది. ఇన్నాళ్ళూ ఏ ఆఫీసులోనూ దాన్ని బయటికి తీయడానికి చెయ్యి రాలేదు.

రూల్స్ బాబాయ్ దాన్ని ముట్టుకోకుండానే చదివాడు. "ఇది ఎక్కించానంటే ఎకౌంట్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. ఎవరూ ఏమీ తీయలేరు, చెరపలేరు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకి ఇవ్వాలంటే గైడు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఏడాది చివర మొత్తం తుడిచేస్తాం."

"ఆయన పెట్టనంటే?"

"ఎకౌంట్‌ని వేరేవాళ్ళు వాడారని తేలితే గైడుతో పనిలేదు. కమిటీయే తెరుస్తుంది. కానీ దానికి మనిషి పేరు కావాలి. 'ఎవరో వాడారు' అంటే కుదరదు."

"ఇప్పుడు ఎక్కడ్నించి వాడుతున్నారు?"

"అది చెప్పకూడదు." ఆయన ప్రింటర్ వైపు తిరిగాడు. "మూడో అంతస్తు ల్యాబులో కిటికీ పక్క మెషీన్ అని అసలే చెప్పకూడదు."

"కాగితం మీ దగ్గరే ఉంచండి బాబాయ్ గారూ. నేను ఫోన్ చెయ్యగానే ఎక్కించెయ్యండి."

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. ల్యాబు తలుపు తోసింది. కిటికీ పక్క అక్క కుర్చీ. కుర్చీ వీపుకి అక్క స్వెటర్ ఇంకా వేలాడుతూనే ఉంది. ఆ కుర్చీలో పొట్టి కూర్చుని ఉంది.

పొట్టి అక్కకి జూనియర్. సెలవులకి వీళ్ళింటికే వచ్చి అక్కాచెల్లెళ్ళ మధ్య పడుకునేది. అంత్యక్రియల రోజు అమ్మ కూలబడిపోతే పట్టుకున్నది పొట్టే.

"నువ్వా?"

"అరవకు, నీకు దణ్ణం పెడతా. చెప్తాను."

గొంతు తగ్గించి గబగబా చెప్పింది. పెద్ద సర్వర్ మీద పని నడిపించాలంటే వరసలో నిలబడాలి. థీసిస్ ఇవ్వబోయేవాళ్ళని వరసలో ముందుకి పంపుతారు. అందుకని ఈ ల్యాబులో ఒక పద్ధతి. గైడు అందరి పాస్‌వర్డులూ బోర్డు మూల రాయిస్తాడు. ఎవరి పేరు ముందుంటే అందరి పనీ ఆ పేరు మీదే. ఇప్పుడు ముందున్నది అక్క పేరు.

"పోయిందని చెప్తే ఆ పేరు తీసేస్తారు. సార్ పేపర్‌కి గడువు శుక్రవారం. అందాకా ఎవరూ నోరెత్తొద్దన్నారు."

"అంటే చచ్చిపోయాక కూడా మా అక్క చేత చాకిరీ చేయిస్తున్నారన్నమాట."

పొట్టి కుర్చీ పక్కకి జరిపింది. స్క్రీన్ మీద ఫోల్డర్ తెరిచి ఉంది. థీసిస్, చివరి ప్రతి.

"పూర్తయిందా?"

"కామాలతో సహా."

"మరి సగం కూడా కాలేదన్నాడే మీ సారు!"

"నాలుగో అధ్యాయం తీసి కొత్త స్టూడెంట్ ఫోల్డర్లో పెట్టమన్నారు. మిగతాది చెరిపెయ్యమన్నారు. సాయంత్రంలోగా." పొట్టి ముక్కు తుడుచుకుంది. "పొద్దుట్నుంచీ తెరిచి చూస్తూ కూర్చున్నా. చెయ్యి రావట్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తా, పట్టుకుపో."

"దొంగచాటుగా పట్టుకుపోతే డిగ్రీ ఎవడిస్తాడే? ఇంటి దగ్గర నేను కూర్చుని రాసి తెచ్చానంటాడు మీ సారు."

"ఏమ్మా, ఎప్పుడొచ్చావు? అమ్మగారు ఎలా ఉన్నారు?"

గుమ్మంలో గైడు. మెత్తటి గొంతు, ఇస్త్రీ నలగని చొక్కా. మాట్లాడుతూనే బోర్డు దగ్గరికి నడిచి, మూలనున్న అక్షరాలని అరచేత్తో తుడిచేశాడు. అరచేతికి నీలం రంగు అంటుకుంది.

"మీ అక్క నాకు కూతురి లాంటిది. శుక్రవారం దాటనివ్వు, నేనే సంతకం పెట్టి మొత్తం నీ చేతికిస్తాను."

"సగం కూడా కాలేదన్నారుగా సార్?"

"బాధలో ఏదో అని ఉంటాను."

"ఇవాళే కాగితం ఇచ్చేస్తే?"

గైడు నవ్వు చెరగలేదు. "ఇచ్చుకో. నా సంతకం లేనిదే అందులోంచి ఒక్క అక్షరం బయటికి రాదు. పైగా ఆ ఎకౌంట్‌ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చున్నది ఎవరో నువ్వు కళ్ళారా చూశావు."

పొట్టి కుర్చీలోంచి లేచి నిలబడింది.

శుక్రవారం దాకా ఆగితే చెరపడానికి వాళ్ళకి చేతినిండా టైము. ఆగకపోతే సంతకం రాదు. చెల్లెలు ఫోన్ తీసింది.

"బాబాయ్ గారూ, ఎక్కించెయ్యండి."

స్క్రీన్ బూడిదరంగుకి తిరిగింది. *ఈ ఖాతా నిలిపివేయబడింది.* పక్క గదిలోంచి ఎవరో కేకేశారు. "సార్! సర్వర్ మీద మన రన్ ఆగిపోయింది సార్!" గైడు మొహంలో నవ్వు అప్పుడు చెరిగింది.

మెట్ల మీద పొట్టి వెంటపడి చెయ్యి పట్టుకుంది.

"నా పేరు చెప్పకే. ఇంకొకళ్ళ ఎకౌంట్ వాడితే తీసేస్తారు. ఇంక ఏ యూనివర్సిటీ నన్ను చేర్చుకోదు."

"ఆయనే చేయించాడని చెప్పు. నేనూ చెప్తాను."

"ఎవరు నమ్ముతారు? బోర్డు తుడిచేశాడుగా. మిగతావాళ్ళు నోరు విప్పరు, వాళ్ళకీ ఆయన సంతకాలే కావాలి. అక్కైతే నా పేరు చెప్పేది కాదు, నీకూ తెలుసు."

తెలుసు. చెయ్యి విడిపించుకుని కిందికి దిగింది.

కౌంటర్ దగ్గర రూల్స్ బాబాయ్ కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఆగాడు. "వేరేవాళ్ళు వాడారంటున్నావు. మెషీన్ ముందు ఎవరున్నారమ్మా?"

నీళ్ళ ఫిల్టర్ పక్కన పొట్టి నిలబడి ఉంది. ఖాళీ గ్లాసు పట్టుకుని, తాగకుండా, ఇటే చూస్తోంది. ఆమె మొహం చూస్తే నోరు రాదని చెల్లెలికి తెలుసు. కళ్ళు మూసుకుంది. కంచం ముందు అమ్మ కనిపించింది.

పొట్టికి ఒక అసలు పేరుంది. ఎవరూ పిలవరు. చెల్లెలు ఆ పేరు, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా చెప్పింది. అది అక్క గైడు చేయించిన పనేనని కూడా చెప్పింది.

ఆయన మొదటిదాన్ని టైపు చేశాడు. రెండోదానికి, "సాక్ష్యం ఉందా తల్లీ?" అన్నాడు.

పొట్టిని తీసేశారు. హాస్టల్ గది ఖాళీ చేయించారు. విద్యార్థుల మీద నిఘా తగ్గిందని గైడుకి ఒక హెచ్చరిక ఇచ్చారు. ఆ నెలే ఆయన కొత్త విద్యార్థులకి పాస్‌వర్డ్ భద్రత మీద ప్రసంగం కూడా చేశాడట.

కమిటీ ఎకౌంట్ తెరిచింది, థీసిస్ బయటికి వచ్చింది. అక్క పేరు బంగారు అక్షరాల్లో, డిగ్రీ కాగితంతో సహా. అమ్మ అట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

"అబద్ధం చెప్పలేదు నా తల్లి," అంది. ఆ పూట కడుపునిండా తింది.

చెయ్యి కడుక్కొచ్చి, "మన గురించి ఏమైనా రాసిందేమో చూడవే," అంది.

మొదటి పేజీల్లోనే ఉంది. చెల్లెలు పైకి చదివింది. "నాకు ఇంట్లో ఒక చెల్లెలు, ల్యాబులో ఒక చెల్లెలు. ఈ ఇద్దరూ లేకపోతే ఈ పని పూర్తయ్యేది కాదు..."

అక్కడితో పుస్తకం మూసేసింది.

అమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఆ పొట్టిదాన్ని చూసి ఎన్నాళ్ళయిందే! ఒకసారి ఇంటికి రమ్మని ఫోన్ చెయ్యి."