ముత్తక్క అరచేతిలో తెలుపు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ తాగి ముత్తక్క అరుగు మీద కూర్చుంటుంది. అప్పటికే ఊళ్లోవాళ్లు వెలిసిపోయిన బట్టలు పట్టుకుని వస్తారు. రాలిన మోదుగుపూల మీద ఆమె అరచెయ్యి ఆనిస్తే ఆ రంగు మీగడలా లేచి చేతికొస్తుంది. దాన్ని ఒకరి లంగాకో, ఇంకొకరి తలగుడ్డకో పూస్తుంది. రంగుపోయిన పూలను మేకలు నమిలేస్తాయి. భద్రాచలం అడవి అంచున ఆ ఊళ్లో ఇదేం వింత కాదు. కొందరి చేతికి పాకం కుదురుతుంది, ముత్తక్క చేతికి రంగు వస్తుంది, అంతే.

ఆమె మనవడు వీరబాబు. అతను పెళ్లి చేసుకోబోయే తబితా కొత్తగూడెంలో జాకెట్లు కుడుతుంది. చిన్నప్పటి నుంచీ చర్చిలో తెల్లచీరల పెళ్లికూతుళ్లను చూసి, వాళ్లు మబ్బుల మీద నడుస్తున్నారనుకునేది. తన పెళ్లిచీర అంచంతా తెల్లదారంతో తనే మల్లెమొగ్గలు కుట్టుకుంది.

ముత్తక్క ఊళ్లో మాత్రం తెల్లగుడ్డ పీనుగ మీద కప్పేది. దాన్ని కట్టుకుని కొత్తకోడలు గడప దాటితే ఇంట్లో ఎవరో ఒకరు పోతారని ఆమె భయం. అందుకే ఎర్రచీర పంపింది. తబితా తల్లి సంపూర్ణ దాన్ని చూసి మూతి తిప్పింది. ఆమె మొగుడు పనిచేసే బొగ్గుగనిలో ఎర్రజెండా లేచిందంటే మనుషులంతా దూరం జరగాలి, బాంబు పేలబోతుందని. "పెండ్లిపిల్లకు కట్టేదా, బ్లాస్టింగ్‌కు ఎగరేసేదా?" అన్నదట. ఆ మాట ముత్తక్క దగ్గరికి బస్సుకన్నా జల్దీ చేరింది. పెళ్లి ఆగిపోయేదాకా వచ్చింది.

తబితా ఉండలేకపోయింది. తెల్లచీర సంచిలో పెట్టుకుని ముత్తక్క ఊరికి బస్సెక్కింది. దారంతా ఏడ్చింది గానీ, చీరకన్నా వీరబాబే కావాలని అర్థమైంది.

"అవ్వా, ఈ తెలుపు తీసెయ్యి. నీకు నచ్చిన రంగు పుయ్యి, కట్టుకుంట," అని అరుగు మీద కూర్చుని చీరను తన ఒళ్లో పరిచింది.

వీరబాబు పక్కనే నిలబడ్డాడు. ముత్తక్క మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం చీర మీద పెట్టింది. తెలుపు లేచి వచ్చేసింది.

తబితా ఒళ్లో చీర వాగునీళ్లలా మిగిలింది. దాని అడుగున ఆమె చేతిగీతలు కనబడుతున్నాయి. కుట్టిన మొగ్గలు మంచుబొట్లయ్యాయి.

ముత్తక్క మాత్రం తన అరచేతినే చూస్తోంది. ఊళ్లో ఎవరు పోయినా మీద కప్పిన గుడ్డ సర్దేది ఆమే. ఆ తెలుపు ఆమె వేళ్లకు తెలుసు, చలికాలం తెల్లారుజామున బావినీళ్లలా ఉంటుంది. ఇది అట్లా లేదు. మెల్లగా చెంపకు ఆనించుకుంది.

"ఇది సల్లగ లేదేందిరా," అంది మనవడితో. "పొదిగే కోడి రెక్క కింద చెయ్యి వెట్టినట్టున్నది."

వీరబాబు వేలితో తాకి "అవ్, వెచ్చగనే ఉన్నది," అన్నాడు.

ముత్తక్క ఒక్క మొగ్గ కూడా వదలకుండా తెలుపంతా మళ్లీ చీరకే పూసింది.

"గిట్లనే రా బిడ్డా మా గడపలకు. ఒక్కటే మాట. నేను పోయిన్నాడు నా మీద ఈ చీరనే కప్పాలె. సలి అంటే నాకు శానా భయం."

ఆ అడవిమట్టి కింద తన మల్లెమొగ్గల మధ్య వెచ్చగా పడుకున్న ముసలమ్మ తబితా కళ్లకు కట్టింది.

"అట్లనే అవ్వా. అప్పటిదాంక పెట్టెల భద్రంగ దాచిపెడత."

"దాచుడేంది పిల్లా," అంది ముత్తక్క. "కట్టుకో. కట్టినకొద్ది ఇంకింత వెచ్చగైతది."